కన్యాశుల్కాన్ని క్వీర్ కళ్ళతో మళ్ళీ ఆడాలంటే

"కన్యాశుల్కం చేద్దాం, క్వీర్ కోణంలో" అని, అంటే ఆడ, మగ, పెళ్ళి అనే మామూలు లెక్కల్లో ఇమడని మనుషుల వైపు నుంచి అని, మీరు అనగానే ఎదుటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు: అందులో క్వీర్ ఏముంది, బయటి నుంచి తెచ్చి అతికిస్తారా? నాటకం తీసి చదవమనండి. కరటకశాస్త్రి శిష్యుడైన ఒక మగపిల్లాడికి ఆడవేషం కట్టి లుబ్ధావధాన్లు అనే ముసలాయనకిచ్చి పెళ్ళి చేసేస్తారు. నాటకం చివర్లో మధురవాణి అనే వేశ్య మగవేషం వేసుకుని, వేశ్యల్ని దగ్గరకి రానివ్వని పెద్దమనిషి ఇంట్లోకి నడిచి వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుని వాదిస్తుంది. మొదటి వేషం లేకపోతే ఆ ముసలాయనకి ఇవ్వబోయిన చిన్నపిల్ల సుబ్బి పెళ్ళి ఆగదు, రెండోది లేకపోతే మాయమైన పెళ్ళికూతుర్ని చంపాడని లుబ్ధావధాన్లు మీద పడ్డ ఖూనీ కేసు తేలదు. కథని తిప్పేవి ఈ రెండు వేషాలే. గిరీశం మాటల జోరులో మనం వీటిని పక్కన పెట్టేశాం, అంతే.

మేము దీన్ని ఒక చిన్న బృందంతో, ఏడు నెలలు రిహార్సల్ చేసి ఆడాం. అందులో ఏది పనిచేసింది, ఏది తప్పయింది అనేది మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఏ ప్రతి తీసుకోవాలనే సంగతి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకం, 1897లో అచ్చయింది, ఆ తర్వాత గురజాడ దాన్ని దాదాపు తిరగరాసి 1909లో మళ్ళీ వేశారు. మనందరికీ తెలిసిన మధురవాణి ఈ రెండో కూర్పులోని మధురవాణే, కాబట్టి మీకు కావలసింది 1909 ప్రతి. గురజాడ 1915లో పోయారు, కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది, మూలాన్ని మీ ఇష్టం వచ్చినట్టు కుదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. కానీ తర్వాతి వాళ్ళు స్టేజీ కోసం కుదించిన ప్రతులు అలా కాదు, అవి వాళ్ళ పని, వాటి జోలికి వెళ్ళకండి. మీ కత్తిరింపు మీరే చేసుకోండి. ఏడు అంకాలు మొత్తం ఆడితే చాలా గంటలు పడుతుంది, మనకి దొరికేది రెండున్నర గంటలు.

ఏం తీసేయాలి అనేదానికంటే ముందు ఈ నాటకం దేని గురించి అని తేల్చుకోవాలి. గురజాడ మొదటి కూర్పుకి ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక లెక్క ఉంటుంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళు, అంటే పిల్లకి డబ్బు తీసుకుని చేసినవి, రాయించుకుంటే తేలినవి, 1,034. అంటే ఒక మనిషి పెళ్ళి ఎవరితో, ఎప్పుడు, ఎంతకి అనేది ఆ మనిషి తప్ప మిగతా అందరూ కూర్చుని తేల్చేస్తున్నారు. సుబ్బిని పద్ధెనిమిది వందలకి బేరం పెడితే ఆ ఇంట్లో సుబ్బిని అడిగినవాడు లేడు. ఇప్పుడు ఈ ముక్క మన చుట్టూ ఉన్న క్వీర్ పిల్లల దగ్గరికి తెచ్చి చూడండి. కొడుకు గే అని తెలిసిన నెలలోపే సంబంధాలు చూడటం మొదలుపెట్టే ఇళ్ళు, "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అనే మేనమామలు, ఫోన్ లాక్కుని గదిలో పెట్టిన అమ్మాయిలు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ కింద ఇద్దరు పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధాన్ని నేరం కాదని తేల్చింది, 2023 అక్టోబర్ 17న ఒకే జెండర్ వాళ్ళ పెళ్ళికి గుర్తింపు ఇవ్వలేమని అంది. కోర్టుల్లో ఇంత జరిగినా, ఇంట్లో బేరం బేరంలాగే నడుస్తోంది. మా కత్తిరింపుకి కొలబద్ద ఇదే పెట్టుకున్నాం: తన పెళ్ళి గురించి తను మాట్లాడే వీల్లేని మనిషి ఉన్న రంగం ఉంచాం, లేని రంగం తీశాం. దుకాణం దగ్గర బైరాగి రంగం నాకు ప్రాణం, అయినా తీసేశాను. సుబ్బి అక్క, విధవ అయిన బుచ్చమ్మ మాట్లాడే ప్రతి చోటూ ఉంచాం.

ఇక అసలు విషయం. మీరు ఎంత చదివినా, ఎన్ని చర్చలు పెట్టుకున్నా, ఈ నాటకం క్వీర్ మనుషుల పక్షాన ఉందా లేదా అనేది ఒక్క చోట తేలిపోతుంది. శిష్యుడు ఆడవేషంలో వేదిక మీదకి వచ్చిన క్షణంలో హాల్లో నవ్వు ఎవరి మీద పడుతోంది?

మా మొదటి ప్రదర్శనలో ఏం జరిగిందో చెప్తాను. ఒక చిన్న ఊళ్ళో, ఉత్సవాల్లో భాగంగా ఆడాం. శిష్యుడు చీరలో రాగానే వెనక వరసల్లోంచి ఈలలు, ఒకడు గట్టిగా ఒక బూతు మాట, వెంటనే హాలంతా నవ్వు. మా నటుడు కొత్తవాడు. ఆ నవ్వు వినగానే అతని ఒళ్ళు దానికి తగ్గట్టు మారిపోయింది. నడుము తిప్పడం, చెయ్యి విదిలించడం, గొంతు సాగదీయడం, రిహార్సల్‌లో లేనివన్నీ వచ్చేశాయి. నవ్వు ఇంకా పెరిగింది. తెర పడ్డాక అందరూ భలే పేలింది అన్నారు. లైట్లు చూసే కుర్రాడు మాత్రం కేబుల్ చుట్టుకుంటూ నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, బళ్ళో నన్ను చూసి నవ్వింది ఇదే నవ్వు" అన్నాడు. అంతే అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి వారం ఆ రంగాన్ని మొదటి నుంచి మళ్ళీ కట్టాం.

మార్చిన పద్ధతి వివరంగా చెప్తాను, ఎందుకంటే మంచి ఉద్దేశం ఒక్కటి ఉంటే నవ్వు దానంతటది దారి మార్చుకోదు, దాన్ని కొలిచి కట్టాలి.

ఆ రంగంలో హాస్యం ఎక్కడుంది? పెళ్ళికూతురు మగవాడని ప్రేక్షకులకి తెలుసు, లుబ్ధావధాన్లుకి తెలియదు. రూపాయి రూపాయి లెక్కపెట్టే మనిషి, చెయ్యి తిరిగిన పిసినారి, సరుకు చూసుకోకుండా కొంటున్నాడు. నవ్వు అక్కడుంది. నటుడు ఆడతనాన్ని వెక్కిరిస్తూ చేస్తే ఏమవుతుంది? ఇంత కనబడుతున్నా ముసలాయన ఎలా నమ్ముతున్నాడు అని ప్రేక్షకుడు ఆయన్ని వదిలేసి చీర కట్టుకున్నవాడిని చూసి నవ్వుతాడు. అదే నటుడు నిజంగా నమ్మించేటట్టు చేస్తే, హాల్లో వాళ్ళకే ఒక్క క్షణం అనుమానం వచ్చేంత బాగా చేస్తే, అప్పుడు నవ్వు తిన్నగా పోయి కొనేవాడి మొహం మీద పడుతుంది. ఆడవేషం ఎంత శ్రద్ధగా కడితే ముసలాయన అంత మూర్ఖుడవుతాడు.

ఇది మనకి కొత్త విద్య కూడా కాదు. ఆడవేషాలకి పేరుపడ్డ రంగస్థల నటుడు స్థానం నరసింహారావు సత్యభామగా వస్తే జనం ఎగతాళిగా నవ్వలేదు, నోరు తెరుచుకుని చూశారు. ఆయన మధురవాణి కూడా వేశారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ జడ విసిరితే దాన్ని అభినయం అన్నారు తప్ప వేళాకోళం అనలేదు. మగవాడు ఆడవేషం కడితే కళ్ళార్పకుండా చూసిన జనం మనవాళ్ళే. చీర కట్టిన మగవాడంటే వెకిలి కామెడీ అని మన కంటికి తర్వాతెప్పుడో అలవాటు చేశారు. శిష్యుడి వేషం వేసే మా కుర్రాడికి నేను చెప్పింది ఇదొక్కటే: నువ్వు సత్యభామ వేషం కట్టినవాళ్ళ వారసుడివి, ఆ లెక్కలో నడువు.

చేతల్లో చేసింది ఇది. మళ్ళీ మొదలుపెట్టిన రిహార్సల్‌లో అతను రోజూ రాగానే చీర కట్టుకునేవాడు. మొదటి వారం ఎవరో ఒకరు ఏదో అనేవారు, రెండో వారానికి ఎవరూ పట్టించుకోలేదు, మూడో వారానికి అతనూ మర్చిపోయాడు. కొంగు సర్దుకోవడం నటనగా కాక అలవాటుగా వచ్చేదాకా డైలాగుల మీద పట్టుబట్టలేదు. సవరం అతనే కుట్టుకున్నాడు, తన తలకి ఏది బరువో తనకే తెలియాలని. తర్వాత, ఆ గట్టి నవ్వు తెచ్చే 'ప్రవేశం' అనేదే తీసేశాం. మూలంలో లేని ఒక మూకరంగం, ఒకటిన్నర నిమిషం, ముందు పెట్టాం. వేదిక మీదే శిష్యుడిని మధురవాణి ముస్తాబు చేస్తుంది. పాపిడి తీస్తుంది, సవరం కలిపి జడ అల్లుతుంది, కాటుక దిద్దుతుంది. అసలు నాటకంలో ఆవిడ కంటెను పెళ్ళికూతురికి పెట్టడానికి ఆవిడని ఉంచుకున్న రామప్పపంతులు అడిగి పట్టుకెళ్తాడు, మేము దాన్ని ఆవిడ చేత్తోనే శిష్యుడి మెడలో పెట్టించాం. కంటె గట్టిగా, బరువుగా ఉంటుంది, పెట్టగానే మెడ నిటారుగా అవుతుంది. అతను అద్దంలో చూసుకుంటాడు. నాలుగు సెకన్లు. లెక్కపెట్టి నాలుగు. మూడు అయితే అర్థం కాదు, ఐదు అయితే "చూడండి చూడండి" అని వేలు పెట్టి చూపినట్టుంటుంది. ఆ నాలుగు సెకన్లలో అతని మొహంలో ఏముందో మేము ఎవరికీ చెప్పలేదు, అతన్నీ చెప్పమనలేదు. వేదిక రెండో వైపు అదే సమయంలో లుబ్ధావధాన్లు డబ్బు లెక్కపెడుతుంటాడు, నాణేల చప్పుడు వినబడుతుంటుంది. తర్వాత లైటు నెమ్మదిగా పెళ్ళికూతురు వైపు తగ్గి ముసలాయన మొహం మీద పెరుగుతుంది. రెండో ప్రదర్శనలో నవ్వు వచ్చింది, ఇంకా గట్టిగానే వచ్చింది, కానీ ఈసారి అది ముసలాయన వేళ్ళ మీద, రూపాయల మీద వచ్చింది. లైట్ల కుర్రాడు బోర్డు దగ్గర్నుంచి నాకు బొటనవేలు ఎత్తి చూపించాడు.

వయసు గురించి ఖచ్చితంగా ఉండండి. మూలంలో శిష్యుడు చిన్నవాడు. మేము అతన్ని ఇరవై రెండేళ్ళ నాటకాల కుర్రాడిగా మార్చాం, కరటకశాస్త్రి ఎలాగూ నాటకాల్లో విదూషకుడు వేసేవాడు కాబట్టి ఆ మార్పు సహజంగా ఇమిడిపోయింది. అప్పుడే అద్దం ముందు అతను తనని తాను చూసుకోవడం ఒక పెద్ద మనిషి తనని గుర్తుపట్టడంలా ఉంటుంది. గిరీశం, వెంకటేశం మధ్య ఏదో ఉన్నట్టు చూపిద్దామా అని మా దగ్గరా ఒకరు అడిగారు. వెంకటేశం బడికెళ్ళే పిల్లాడు. అది ఆలోచించడానికే వీల్లేని విషయం, చర్చ అక్కడితో ఆపేశాం. మీరూ ఆపేయండి.

ఇంకో చోట జాగ్రత్త. మొదటి అంకంలో మధురవాణి ఇంటికి పూటకూళ్ళమ్మ చీపురుతో వస్తుంటే గిరీశం మంచం కింద దూరతాడు, అక్కడ అప్పటికే రామప్పపంతులు ఉంటాడు. ఇద్దరు మగాళ్ళు, ఇరుకు చోటు. ఏ బృందంలోనైనా నటులు అక్కడ గే జోకు ఒకటి తమంతట తామే కలిపేస్తారు, చెడు ఉద్దేశం లేకుండానే. మేము ఒక నియమం పెట్టుకున్నాం: వేదిక మీద సొంత మాటలు లేవు, ఆ రంగంలో అయితే సొంత చూపులు కూడా లేవు. అక్కడ నవ్వు ఇద్దరు పిరికివాళ్ళు ఒకే మంచం కింద దొరకడం మీద ఉంది, అది చాలు. భాష విషయమూ అంతే. పాత్రల నోట 'క్వీర్', 'జెండర్' అనే మాటలు పెట్టకండి. విజయనగరం యాస, ఆ రోజుల నుడికారం, గిరీశం ఇంగ్లీషు ముక్కలు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. ఈనాటి మాట చెప్పాలనుకుంటే వేదిక మీద ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ఎవర్ని చూశారు అనే దాంతో చెప్పండి. డైలాగు పెంచిన ప్రతిచోటా మా నాటకం బలహీనపడింది, మూడు నెలల తర్వాత నేను రాసి కలిపిన రెండు పేజీలూ తీసేశాను. కులం మీద, వృత్తి మీద వేసే పాత హాస్యాన్ని కూడా ఒకసారి చూసుకోండి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో చింతామణి నాటకాన్ని నిషేధించారు, సుబ్బిశెట్టి పాత్రని ఏళ్ళ తరబడి వెకిలిగా ఆడటం ఒక కులాన్ని నొప్పించిందన్న గొడవతోనే. నిషేధం సరైనదా అనేది వేరే వాదన. ఒకరి గౌరవం కోసం నాటకం ఆడుతూ ఇంకొకరిని చులకన చేయకూడదని నా గట్టి నమ్మకం, మన నాటకంలోని వర్తకుడు పోలిశెట్టి రంగాలు ఆ దృష్టితోనే కుదించాం.

ఇప్పుడు మధురవాణి. పాత్రధారిగా ఒక ట్రాన్స్ మహిళని అడిగాం. ఆవిడ మంచి నటి, అప్పటికే వీధి నాటకాలు చేసి ఉన్నారు. వెంటనే ఒప్పుకోలేదు. "నాకు వచ్చేవన్నీ ఇవే కదండీ, మళ్ళీ వేశ్యేనా?" అన్నారు. ఆ మాటలో అన్యాయమేమీ లేదు. మీరు కూడా ఎవరినైనా అడిగేటప్పుడు ఈ ప్రశ్న వస్తుందని తెలిసే అడగండి, జవాబు లేకపోతే అడగకండి. నేను ఆవిడకి పుస్తకం ఇచ్చి, ఏడో అంకం చదివాక కాదనండి, ఇంకేమీ అడగను అన్నాను. పదిరోజులకి ఫోన్ చేసి, "ఈ నాటకంలో బుర్ర ఉన్న మనిషి ఈవిడొక్కత్తే, చేస్తాను" అన్నారు.

చిక్కు ఏడో అంకంతోనే వచ్చింది. మధురవాణి సౌజన్యారావు పంతులు దగ్గరికి మగవేషంలో వెళ్ళాలి. ఆ రంగం ఎందుకు అంత గొప్పదో ముందు చెప్పాలి. పంతులు మంచివాడు, సంస్కర్త, కానీ వేశ్య మాట వినడు. అదే మాట తలపాగా చుట్టుకున్న మగవాడి నోట వస్తే కూర్చోబెట్టి వింటాడు. మనిషి అదే, బుద్ధి అదే, మారింది బట్టలే, బట్టలతో పాటు మాటకి విలువ మారిపోయింది. జెండర్ గురించి ఇంత పదునైన రంగం 1909లో మన భాషలో అచ్చయి ఉంది. అయితే మా నటి జీవితంలో మగబట్టలంటే ముప్ఫై ఏళ్ళు బలవంతంగా తొడిగించినవి. రిహార్సల్‌లో పంచె, చొక్కా చూడగానే ఆవిడ మొహం మారిపోయింది. నేను ముందే ఆలోచించి ఉండాల్సింది, ఆలోచించలేదు, తప్పు నాది. ఆ రోజు రిహార్సల్ ఆపేసి టీ తెప్పించుకుని కూర్చున్నాం. ఆ రంగం వేరేవాళ్ళతో చేయించనా అని అడిగాను. వద్దన్నారు. చివరికి దారి ఆవిడే చూపించారు: చీర మీదే ఉత్తరీయం, తలకి పాగా, అంతే. మీసం లేదు, చొక్కా లేదు, గొంతు మార్చడం లేదు. ప్రేక్షకులకి ఆవిడ ఆవిడలాగే కనబడుతుంటారు, సౌజన్యారావు ఒక్కడికే పాగా కనబడుతుంది. ఇది నేను ఊహించిన ఏ ఆలోచన కంటే బాగుంది, ఎందుకంటే ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి తలపాగాతో మాట్లాడే పెద్దమనిషి అక్కడ బట్టబయలు అయిపోయాడు. మాటామాటా పెరిగి ముద్దు బేరం దాకా వచ్చి, చెడనివాడిని చెడగొట్టనని మధురవాణి తనే ఆపేసే చోట హాల్లో చప్పుడు లేదు. ఆ రంగాన్ని మీరు ఎలాగైనా ఆడండి గానీ ఆ నిర్ణయం ఆవిడ చేతిలోంచి తీసుకోకండి. ప్రేమ జంట కావాలి కదా అని ఆవిడని లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షితోనో బుచ్చమ్మతోనో ముడిపెట్టాలనే ఆలోచన వస్తుంది, మాకూ వచ్చింది. నాటకంలో లేని ప్రేమని పుట్టించడం కంటే ఉన్న తెలివిని పూర్తిగా వెలుగులో పెట్టడం మేలనిపించింది.

వేదిక బయటి పనులు తొందరగా చెప్పేస్తాను, కానీ ఇవి చిన్నవి కావు. బృందంలో ఎవరు క్వీర్ అనేది ఎవరూ ఎవరినీ అడగకూడదు, చెప్పుకున్నవాళ్ళ మాట రిహార్సల్ గది దాటకూడదు. కరపత్రం మీద ఎవరి పేరు ఏ రూపంలో వేయాలో రాయించుకోండి, ఇంట్లో తెలియనివాళ్ళు వేరే పేరు ఇస్తే అదే వేయండి. ఫోటోలు పెట్టేముందు ప్రతి ఒక్కరినీ అడగండి, గ్రూప్ ఫోటో కూడా. మాలో ఒకరి ఫోటో ఎవరో ఫేస్‌బుక్‌లో పెట్టేసి, ఊళ్ళో వాళ్ళ నాన్నగారి దాకా వెళ్ళి, ఆ అబ్బాయి రెండు ప్రదర్శనలకి రాలేకపోయాడు. గ్రీన్ రూమ్ రెండు భాగాలు మగ, ఆడ అని కాకుండా, తెర కట్టుకుని ఒక్కొక్కరే మార్చుకునే చోటు ఒకటి ఉండాలి. హాలు బుక్ చేసేటప్పుడు నాటకం సంగతి దాచకండి, మధ్యలో కరెంటు తీసేసే యాజమాన్యం కంటే ముందే వద్దనే యాజమాన్యం నయం. పోస్టర్ మీద నాటకం పేరు మార్చకండి. 'కన్యాశుల్కం' అని పెద్దగా వేసి, కింద ఒక వాక్యం చాలు. జె.వి. రమణమూర్తి గిరీశాన్ని చూసి పెరిగిన పెద్దవాళ్ళు వస్తారు, వాళ్ళకి డైలాగులు కంఠతా వచ్చి ఉంటాయి, మనవాళ్ళు తప్పు పలికితే ముందు వరసలోంచే దిద్దుతారు. వాళ్ళని ఎదుటిపక్షం అనుకోకండి. మా మూడో ప్రదర్శన అయ్యాక ఒక పెద్దాయన, ఎనభై దాటినాయన, వేదిక ఎక్కి శిష్యుడి గడ్డం పట్టుకుని, "మా రోజుల్లో ఆడవేషం ఇలాగే కట్టేవారమ్మా" అన్నారు. 'అమ్మా' అని ఎందుకన్నారో తెలియదు. మా కుర్రాడు మాత్రం ఆ మాట పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాడు.

ముగింపు గురించి మాలో చాలా వాదనలు అయ్యాయి. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అనేది గిరీశం మాట, దాన్ని తీసేస్తే జనం ఒప్పుకోరు, తీయకూడదు కూడా. కానీ ఆ మాట అయ్యాక తెర వెంటనే వేయకుండా కొంచెం ఆపాం. గిరీశం వెళ్ళిపోతాడు. సౌజన్యారావు బల్ల మీద మధురవాణి తీసి పెట్టిన తలపాగా ఉంటుంది. ఆయన దాన్ని చూస్తాడు, చేతిలోకి తీసుకుంటాడు, ఎక్కడ పెట్టాలో తోచక మళ్ళీ బల్ల మీదే పెడతాడు. లైటు దాని మీద ఉండగానే తెర.

పాగా పిన్నులతో బిగించకండి, ఒక్క చేత్తో తలమీంచి ఊడి రావాలి. మేము లోపల పాత కాటన్ చీర ముక్క పెట్టి కుట్టించాం, జారదు, బల్ల మీద పెట్టినా చుట్టు విడిపోదు.